బొమ్మ కింద పేరు

తెలుగు నేల మీదికి నల్లజాతి చరిత్ర మొదట వచ్చింది బొమ్మగా కాదు, పుస్తకంగా. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దాన్ని 1980ల మొదట్లో అచ్చువేసింది. ఇంగ్లీషు మూలం పెద్ద గ్రంథం, తెలుగుది దాన్ని బాగా కుదించిన పుస్తకం. ఆ కుదింపు ఒక విధంగా మేలే చేసింది. హాస్టల్లో ఉండే పిల్లవాడు రెండు రాత్రుల్లో చదివేసి పక్క మంచం వాడికి ఇవ్వగలిగేంత పుస్తకమైంది. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున పుట్టి, అమెరికాలో బానిసగా అమ్ముడుపోయి, తన పేరు మార్చుకోనని మొండికేసి కొరడా దెబ్బలు తిన్న కుంటా కింటేను మన వాడల్లో చదువుకున్నవాళ్ళు ఇంటి మనిషిగానే తలచుకున్నారు.

హేలీ చెప్పిన వంశవృక్షంలో కొన్ని కొమ్మలు పాత కాగితాలతో సరిపోవడం లేదని తర్వాత చరిత్రకారులు చూపించారు. మరొకరి నవలలోని భాగాలు వాడుకున్నాడన్న దావా 1978లో రాజీతో ముగిసింది. ఇవి దాచాల్సిన సంగతులు కావు. అయినా ఆ పుస్తకం వేసిన ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. చదువు రానివ్వని, ఇల్లు నిలవనివ్వని, పేరు కూడా దక్కనివ్వని చోట ఒక కుటుంబం తన మనుషుల పేర్లను ఏడు తరాల పాటు ఎలా కాపాడుకుంటుంది? మనలో ఎంతమంది ముత్తాత తండ్రి పేరు చెప్పగలరు?

పుస్తకం వచ్చింది గానీ దాని వెనక ఉన్న బొమ్మలు మనదాకా సరిగ్గా రాలేదు. అమెరికాలో నల్లవాళ్ళు నూట డెబ్బై ఏళ్ళుగా కెమెరానూ కలాన్నీ జంటగా వాడుతూ వచ్చారు. బొమ్మ ఒక్కటే వాళ్ళను కాపాడలేదు. కొన్నిసార్లు అదే వాళ్ళ మీదికి ఆయుధమైంది. దాని కింద ఏ మాట ఉంది, ఆ మాట ఎవరు రాశారు అన్నదే అసలు తగాదా. ఇక్కడ రాయపూర్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను గనుక, చివరికి ఈ ప్రాంతానికీ వస్తాను.

మన పెద్దల ఫోటోలు మొట్టమొదట తీసింది మనవాళ్ళు కాదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో రంగాచారి సాయంతో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. మనుషుల ముక్కుల పొడవూ వెడల్పూ కొలిచి పట్టికలు కట్టినవాడు ఆయన. 1916లో రస్సెల్, హీరాలాల్ కలిసి సెంట్రల్ ప్రావిన్సెస్ కులాల మీద నాలుగు సంపుటాలు తెచ్చారు. రాయపూర్ అప్పుడు ఆ ప్రావిన్సులోదే. ఈ తరహా గ్రంథాల్లో ఫోటో కింద మనిషి పేరు వెతికితే దొరకదు. కులం పేరు, తెగ పేరు, వృత్తి పేరు ఉంటాయి. మనిషి అక్కడ నమూనా. ఆయనకు పెళ్ళాం పిల్లలున్నారా, ఆ రోజు ఆయన్ని ఏం చెప్పి నిలబెట్టారు, పైసా ఇచ్చారా, ఏదీ తెలియదు.

అమెరికాలో దీనికి సరిజోడు కథ ఉంది. 1850లో హార్వర్డ్ శాస్త్రవేత్త లూయీ అగాసీ, నల్లవాళ్ళు వేరే జాతి ప్రాణులని నిరూపించాలన్న పిచ్చి సిద్ధాంతం కోసం, దక్షిణ కరోలినాలో కొందరు బానిసలను బట్టలు విప్పించి ఫోటోలు తీయించాడు. వాళ్ళలో రెంటీ అనే పెద్దాయనా, ఆయన కూతురు డీలియా ఉన్నారు. ఆ బొమ్మలు హార్వర్డ్ మ్యూజియంలో మూలపడి, 1976లో అటక మీద బయటపడ్డాయి. ‘రూట్స్’ వచ్చిన ఏడాదే అది. తర్వాత అవి పుస్తకాల అట్టల మీదికీ సభల పోస్టర్ల మీదికీ ఎక్కాయి. టమారా లేనియర్ అనే ఆవిడ తన తల్లి చెప్పిన ఇంటి కథల్లోని ‘పాపా రెంటీ’ ఈయనేనని నిలబడి, 2019లో హార్వర్డ్ మీద దావా వేసింది. ఆవిడ చేతిలో మొదట ఉన్నది పట్టా కాదు, పత్రం కాదు. ఇంట్లో నోటినోటా వచ్చిన పేరు. 2025 మే నెలలో రాజీ కుదిరింది. ఆ బొమ్మలు హార్వర్డ్ చేతుల్లోంచి వాళ్ళ సొంత నేల దక్షిణ కరోలినాకు, చార్ల్స్‌టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి వెళ్ళే ఏర్పాటయింది. నూట డెబ్బై అయిదేళ్ళ తర్వాత ఒక బొమ్మ నమూనా నుంచి తాతగా మారింది.

అగాసీ ఆ పని చేయిస్తున్న కాలంలోనే ఫ్రెడరిక్ డగ్లస్ ఉత్తరాదిన స్టూడియోలకు వెళ్ళి తన ఫోటోలు తానే తీయించుకుంటున్నాడు. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన మనిషి. 19వ శతాబ్దపు అమెరికాలో అందరికంటే ఎక్కువ ఫోటోలు ఉన్నది అధ్యక్షుడు లింకన్‌కు కాదు, డగ్లస్‌కు. సుమారు 160 దొరికాయి. తెల్ల చిత్రకారులు నల్లవాళ్ళ ముఖాలను వెకిలిగా గీస్తారని ఆయనకు కోపం. అందుకే మంచి కోటు వేసుకుని, నవ్వకుండా, కళ్ళలోకి సూటిగా చూస్తూ నిలబడేవాడు. సూటు లేని బాబాసాహెబ్ బొమ్మ మన గోడల మీద ఎందుకు అరుదో తెలిసినవాళ్ళకు డగ్లస్ కోటు గురించి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన ఫోటోలతో ఆగలేదు. తన జీవితాన్ని మూడుసార్లు, మూడు పుస్తకాలుగా రాసుకున్నాడు. బొమ్మకు తోడుగా ఎప్పుడూ రాత ఉండేది.

సోజర్నర్ ట్రూత్ కథ ఇంకా ఇష్టం నాకు. ఆవిడకు చదవడం రాయడం రాదు. బానిసగా పుట్టి, విడుదలై, ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చేది. ఖర్చులకు తన చిన్న ఫోటో కార్డులు అమ్ముకునేది. బతుకు నిలబెట్టుకోవడానికి తన నీడను అమ్ముతున్నానని అర్థమొచ్చే మాట ఆ కార్డు కింద అచ్చు వేయించింది. 1864లో ఆ కార్డు హక్కును ఫోటోగ్రాఫరు పేరిట కాక తన పేరిటే నమోదు చేయించుకుంది. అక్షరం రాని మనిషికి బొమ్మ కింది అక్షరం విలువ అందరికంటే ముందు తెలిసింది.

ఇక అసలు భయంకరమైన అధ్యాయం. బానిసత్వం చట్టంలో పోయాక తెల్లవాళ్ళు గుంపులుగా వచ్చి నల్లవాళ్ళను చెట్లకు ఉరితీయడం, తగలబెట్టడం దక్షిణాదిన తిరునాళ్ళలా సాగింది. చంపినవాళ్ళే శవం పక్కన నవ్వుతూ ఫోటో దిగేవాళ్ళు. స్థానిక ఫోటోగ్రాఫర్లు వాటిని పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మేవాళ్ళు. చుట్టాలకు ‘క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను’ అని రాసినట్టు రాసి పంపుకునేవాళ్ళు. వాళ్ళకు సిగ్గు లేదు, భయం లేదు. ఆ ఫోటోల వల్ల తమకు శిక్ష పడుతుందన్న ఊహే రాలేదు.

మెంఫిస్ పట్టణంలో ఐడా బి. వెల్స్ అనే యువతి ‘ఫ్రీ స్పీచ్’ అనే పత్రిక నడిపేది. 1892లో ఆవిడ మిత్రులు ముగ్గురిని గుంపు చంపింది. వాళ్ళు చేసిన నేరం, తెల్లవాడి అంగడికి పోటీగా కిరాణా కొట్టు పెట్టుకోవడం. ఆడవాళ్ళ మానం కోసమే ఈ హత్యలన్న ప్రచారాన్ని వెల్స్ పత్రికలో దులిపేసింది. గుంపు ఆవిడ ప్రెస్సును ధ్వంసం చేసింది. ఆవిడ ఊరు విడిచి, ఊరూరా జరిగిన హత్యల పట్టికలు తయారుచేసి, 1895లో ‘రెడ్ రికార్డ్’ అచ్చువేసింది. అందులో ఒక తెలివి ఉంది. లెక్కలన్నీ తెల్లవాళ్ళ పత్రికల నుంచే తీసుకుంది. అబద్ధమంటే వాళ్ళ పత్రికనే వాళ్ళు కాదనాలి. ఆ పుస్తకంలో హంతకుల వైపు నుంచి వచ్చిన ఫోటోను కూడా సాక్ష్యంగా వేసింది.

ఈ పద్ధతిని డు బోయిస్ ఇంకా ముందుకు తీసుకెళ్ళాడు. 1910లో మొదలైన ‘క్రైసిస్’ పత్రికకు ఆయన సంపాదకుడు. మన పాఠకులకు ఆయన పేరు కొత్తది కాదు. 1946లో బాబాసాహెబ్ ఆయనకు ఉత్తరం రాసి, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పంపిన విజ్ఞాపన ప్రతి కావాలని అడిగారు. జులై 31న ఆయన జవాబిచ్చాడు. ఆ డు బోయిస్ సంగతే ఇది. 1916 మే 15న టెక్సాస్‌లోని వేకోలో జెస్సీ వాషింగ్టన్ అనే 17 ఏళ్ళ కుర్రవాణ్ణి నగరం నడిబొడ్డున, వేలమంది చూస్తుండగా కాల్చి చంపారు. స్థానిక ఫోటోగ్రాఫరు దాన్ని ఫోటోలు తీశాడు, అమ్మకానికి. నల్లవాళ్ళ హక్కుల సంఘం పంపిన ఎలిజబెత్ ఫ్రీమన్ అనే ఆవిడ వేకో వెళ్ళి, మాటలు కలిపి, ఆ ఫోటోలు సంపాదించింది. జులై నెల ‘క్రైసిస్’కు ఎనిమిది పేజీల అనుబంధం వేసి, ఆ బొమ్మలనే అచ్చువేశారు. బొమ్మ అదే. వేకోలో అది విజయచిహ్నం, ‘క్రైసిస్’లో నేరపత్రం. తేడా అంతా పక్కన రాసిన మాటలో ఉంది. కుర్రవాడి పేరు, ఊరి పేరు, తేదీ, చూస్తూ నిలబడ్డవాళ్ళు ఎవరు అన్నది.

మనం ఇది చూడలేదా? 2016 జులై 11న గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న యువకులను కారుకు కట్టి కొట్టినవాళ్ళు, ఆ వీడియోను తామే తీసి తామే పంచారు. వందేళ్ళ తర్వాత అదే ధీమా. దళితులు అదే వీడియోను చేతుల్లోకి తీసుకున్నాక గుజరాత్ కదిలింది. ఆ కుటుంబం 2018 ఏప్రిల్‌లో తమ ఊళ్ళోనే వందలాది మందితో కలిసి ధమ్మదీక్ష తీసుకుంది. ఈసారి ఫోటోలో వాళ్ళు తమ ఇష్టంతో నిలబడ్డారు.

ఒక పక్క మాట. ఇదే డు బోయిస్ 1900లో పారిస్ ప్రదర్శనకు జార్జియా రాష్ట్రపు నల్లవాళ్ళ 363 ఫోటోలను ఆల్బములుగా కట్టి పంపాడు. చదువుకున్న అమ్మాయిలు, దుకాణదారులు, ఇంటి మెట్ల మీద కుటుంబాలు. ఎంతో అందమైన బొమ్మలు. కానీ చాలావాటి కింద మనుషుల పేర్లు లేవు. జాతి ఉన్నతిని చూపే తొందరలో మనిషి పేరు జారిపోయింది. అంత గొప్పవాడి చేతిలోనూ అది జరిగిందంటే మన ఉద్యమ ఆల్బముల సంగతి చెప్పాలా?

1955 ఆగస్టు 28న మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే 14 ఏళ్ళ పిల్లవాణ్ణి చంపి నదిలో పారేశారు. షికాగో నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పిల్లవాడు. తల్లి మేమీ టిల్ శవపేటిక మూత తెరిచే ఉంచమంది. తన కొడుకుకు ఏం చేశారో లోకం చూడాలంది. నల్లవాళ్ళ పత్రిక ‘జెట్’ సెప్టెంబరు 15 సంచికలో డేవిడ్ జాక్సన్ తీసిన ఆ ఫోటోను వేసింది. ఆ తరం నల్లపిల్లలు ఆ బొమ్మ చూసి పెద్దవాళ్ళయ్యారు. కొన్నేళ్ళ తర్వాత హోటలు బల్లల దగ్గర కూర్చుని తన్నులు తిన్నది వాళ్ళే. జెట్ పేజీలో ఆ ముఖం పక్కనే బతికున్నప్పటి పిల్లవాడి నవ్వుముఖం కూడా ఉంది. రెండూ కలిపితేనే అర్థం. శవం ఒక్కటే చూపిస్తే పిల్లవాడు మాయమై గాయం మిగులుతుంది.

ఆ కేసు విచారణలో పిల్లవాడి పెద్దమామ మోజెస్ రైట్, పొలం కూలీ లాంటి కౌలుదారు, సాక్షిబోనులో లేచి నిలబడి తెల్ల నిందితుణ్ణి వేలెత్తి చూపించాడు. కోర్టులో ఫోటో నిషేధం. అయినా ఎర్నెస్ట్ విథర్స్ ఆ క్షణాన్ని పట్టేశాడు. మొత్తం తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ గంట సేపట్లో నిందితులను వదిలేసింది. విథర్స్ తన ఫోటోలతో చిన్న పుస్తకం వేసి డాలరుకు ఒకటి అమ్మాడు. మన సభల దగ్గర గుడ్డ పరిచి పది రూపాయల పుస్తకాలు అమ్మేవాళ్ళకు ఆ పని ఎంత బరువైనదో తెలుసు.

ఈ విథర్స్ మెంఫిస్ వాడు. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో చెత్తబండి యంత్రంలో పడి ఇద్దరు పారిశుధ్య కార్మికులు నలిగి చనిపోయారు. 12వ తేదీ నుంచి 1300 మంది సమ్మె. మార్చి 28న వాళ్ళంతా వరుసగా నిలబడి, ఒకే మాట రాసిన అట్టలు పట్టుకున్నారు: నేను మనిషిని. విథర్స్ తీసిన ఆ ఫోటోలో క్యాప్షను బొమ్మ కింద లేదు, బొమ్మలోనే ఉంది. ఇంకెవరూ మార్చలేని చోట. వారం తిరిగేసరికి ఏప్రిల్ 4న వాళ్ళ కోసమే వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఆ ఊళ్ళోనే కాల్చి చంపారు. విథర్స్ కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. ఆయన చనిపోయిన మూడేళ్ళకు, 2010లో, మెంఫిస్ పత్రిక ఒకటి బయటపెట్టింది: ఇన్నేళ్ళూ ఆయన ఎఫ్‌బీఐకి సమాచారం ఇస్తూ వచ్చాడని. ఉద్యమం తన సొంత మనిషనుకుని ఎదురుగా నిలబడిన కెమెరా పోలీసు ఫైలుకూ దారి చూపింది. ఆ ఫోటోలను చింపేయాలా? నేనైతే వద్దంటాను. అట్టలు పట్టుకున్న మనుషులు విథర్స్ కోసం నిలబడలేదు.

మెంఫిస్‌లో సమ్మె నడుస్తున్న ఆ 1968 ఫిబ్రవరిలోనే కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశును దొంగతనం మోపి, కట్టేసి, సజీవంగా తగలబెట్టారు. పార్లమెంటు దాకా వెళ్ళిన సంగతి. మెంఫిస్‌కు బొమ్మ మిగిలింది. మనకు మిగిలింది పేరు. కోటేశు ముఖం ఎలా ఉంటుందో చెప్పగలవాళ్ళు కొందరే ఉంటారు, పేరు మాత్రం పాటలెక్కి, కవితలెక్కి, తరువాతి తరం నోట నిలిచింది. తెలుగు నేల మీద మన పోరాటాలకు కెమెరా ఆలస్యంగా వచ్చింది. కలం, గొంతు ముందే వచ్చాయి.

1917 నవంబరులో విజయవాడలో పంచమ మహాజన సభ పెట్టినప్పుడు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మ, పంచములన్న పేరును తోసి ఆది ఆంధ్రులమని పేరు పెట్టుకునేలా చేశారు. పోరాటం మొదలైందే బొమ్మ కింద ఉన్న పేరును కొట్టేయడంతో. ఆయన 1931లో ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టారు. బుద్ధ జయంతిని హైదరాబాదులో జరిపించినవారు. ఆయన కొడుకు పేరు గౌతమ్. తండ్రి జీవితాన్ని ‘భాగ్యోదయం’గా రాసింది ఆ గౌతమే. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1920ల మొదట్లో, గరిమెళ్ళ తెల్లదొరతనం వద్దంటే, నల్లదొరతనమూ వద్దన్నారు. ఆ నలుపు ఇంటి దొరల నలుపు. 1989లో బొజ్జా తారకం సంపాదకత్వంలో ‘నలుపు’ పత్రిక వచ్చేసరికి ఆ రంగు మనదైంది. 2003లో గోగు శ్యామల దళిత స్త్రీల రచనలను 1921 నుంచి 2002 దాకా వెతికి తెచ్చిన సంకలనానికి ‘నల్లపొద్దు’ అని పేరు పెట్టారు. తాడి నాగమ్మ లాంటి తొలి రచయిత్రి మళ్ళీ మన చేతికి అందింది ఆ వెతుకులాట వల్లనే. ధర్మన్న నుంచి శ్యామల దాకా ఒక రంగు అర్థం మార్చడానికి ఎనభై ఏళ్ళు పట్టింది.

సికింద్రాబాదు వాసి పి.ఆర్. వెంకటస్వామి 1955లో, దీక్షకు ఏడాది ముందు, నిజాం రాజ్యంలో ఆది హిందూ ఉద్యమ కథను ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా రాశారు. దాన్ని చదివినవాళ్ళు మొదట ఉలిక్కిపడతారు. భాగ్యరెడ్డివర్మ, అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు వర్గాల మధ్య తగాదాలన్నీ అందులో ఉన్నాయి. ఎవరు ఎవర్ని ఏమన్నారో, ఏ సభ ఎందుకు చెడిందో దాచలేదు. ఇలాంటివి రాయకూడదని మనలో కొందరంటారు. నాకు మాత్రం ఆ తగాదాల వల్లనే ఆ పుస్తకం మీద నమ్మకం కలుగుతుంది. పటాల్లో దండలతో నిలబడే పెద్దలు అందులో నడుస్తారు, అలుగుతారు, మళ్ళీ కలుస్తారు.

1985 జులై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మరునాడు, 17న, ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్ళు చీరాలకు వచ్చేశారు, మళ్ళీ ఆ ఊరికి పోమన్నారు, విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. తారకం గారు ప్రభుత్వ ప్లీడరు పదవికి రాజీనామా ఇచ్చారు. సెప్టెంబరు 1న దళిత మహాసభ ఏర్పడింది. ఇదంతా మన పాఠకులకు తెలిసిందే, తొందరగా దాటేస్తున్నాను. కానీ ఒక మనిషి దగ్గర ఆగాలి. దుడ్డు అలీసమ్మ. కేసులో ముఖ్యసాక్షి. మిసిసిపీ కోర్టులో మోజెస్ రైట్ వేలెత్తాక రాష్ట్రం విడిచి పారిపోవాల్సి వచ్చింది గానీ బతికాడు, ఆయన వేలు ఫోటోలో నిలిచింది. అలీసమ్మను 1986లో చంపేశారు. ఆవిడ వేలు ఎవరినైతే చూపాలో, ఆ క్షణానికి ఫోటో లేదు. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్ళు వేసింది. హత్యలకూ ఆ తీర్పుకూ మధ్య 23 ఏళ్ళు.

చుండూరు ఇంకో పాఠం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కట్టి కాలువలో పడేశారు. వాళ్ళను ఊళ్ళోనే పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. కోర్టే చుండూరు రావాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టును అక్కడే పెట్టించుకున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. ఎప్పుడు చనిపోయారు, ఎక్కడ చంపారు, ఎవరు కొట్టారు అన్నది నిర్ధారణ కాలేదన్నది ఆ తీర్పు సారాంశం. పొలాల్లో ప్రాణం కోసం పరిగెత్తినవాళ్ళు గడియారం చూసుకోలేదు. పదమూడేళ్ళ తర్వాత విచారణ మొదలుపెట్టి, గంటా నిమిషం అడిగితే ఎవరు చెప్పగలరు? తీర్పు అన్యాయమని మనం అన్నాం, అంటూనే ఉంటాం. దాంతోపాటు ఇంకొకటి కూడా అనుకోవాలి: ఐడా వెల్స్ ఎందుకు తేదీ, ఊరు, పేరు అని అంత మొండిగా పట్టికలు కట్టిందో.

తర్వాతి తరానికి కెమెరా చేతిలోనే ఉంది. 2016 జనవరి మొదట్లో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి వెలివేసిన అయిదుగురు విద్యార్థులు పరుపులూ, బాబాసాహెబ్ పటమూ మోసుకుని బయటికి నడిచారు. క్యాంపస్ మధ్యలో గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఈ పేరు పెట్టడం చూడండి. 1917 నాటి పనే ఇది, వేరే దారిలో. వెలివాడ అని రాసిపెట్టాక అక్కడ తీసిన ఏ ఫోటోనూ విద్యార్థుల గొడవ అని ఎవరూ అనలేకపోయారు. 17వ తేదీన రోహిత్ వేముల చనిపోయాడు. ఆయన రాసిన ఉత్తరమూ, పటం పట్టుకున్న ఫోటోనూ కలిసే దేశమంతా తిరిగాయి. ఆయన ఫేస్‌బుక్‌లో రాసుకున్నవి కూడా పుస్తకమయ్యాయి. ఏప్రిల్ 14న తల్లి రాధిక, తమ్ముడు రాజా ముంబయిలో ధమ్మదీక్ష తీసుకున్నారు. మేమీ టిల్ లాగే రాధికమ్మ కూడా కొడుకు ఫోటో పట్టుకుని ఊరూరా తిరిగింది. ప్రభుత్వం ఆవిడ కులమేమిటని విచారణలు పెట్టింది. థర్‌స్టన్ పని ఇంకా అయిపోలేదు మరి.

మా రాయపూర్ దగ్గరి సంగతి చెప్పి ముగిస్తాను. ఇక్కడికి తూర్పున ఉన్న గిరౌద్‌పురి గురు ఘాసీదాస్ పుట్టిన ఊరు. అంటరానితనాన్ని, విగ్రహాలను కాదన్న సత్నామీల గురువాయన. వాళ్ళు నిలిపే తెల్లటి జైతఖాం స్తంభమే వాళ్ళ శాసనం. గిరౌద్‌పురిలోని పెద్ద జైతఖాం 77 మీటర్లు, కుతుబ్ మినారు కంటే ఎత్తు. సత్నామీల గురించి కాగితం మీద రాసినవాళ్ళు చాలాకాలం బ్రిటిషు అధికారులూ, మిషనరీలే. వాళ్ళ సొంత మాట పంథీ పాటల్లో, గురువుల కథల్లో ఉంది. సౌరభ్ దూబే 1998లో అచ్చయిన తన పుస్తకంలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివారు.

2024 మే నెలలో గిరౌద్‌పురి దగ్గర ఒక జైతఖాంను ఎవరో కూల్చారు. జూన్ 10న బలౌదాబజార్‌లో పెద్ద నిరసన జరిగింది, అది అదుపు తప్పి కలెక్టరేటు తగలబడింది. తర్వాత వందకు పైగా అరెస్టులు. సీసీటీవీ దృశ్యాలు, వీడియోలు చూసి గుర్తుపట్టామన్నారు పోలీసులు. నిప్పు పెట్టినవాళ్ళ సంగతి కోర్టు తేలుస్తుంది. కానీ ఆ రోజు స్తంభం కోసం శాంతిగా వచ్చి నిలబడ్డ వేలమంది ఉన్నారు. వాళ్ళ ముఖాలూ ఆ వీడియోల్లోనే ఉన్నాయి. వాళ్ళు ఎందుకు వచ్చారో ఆ దృశ్యాల పక్కన రాసి ఉండదు. కెమెరాలు మునుపటికంటే వేల రెట్లు పెరిగాయి, కింద రాసే చేయి మాత్రం మళ్ళీ ఠాణాలోనే ఉంది. మినియాపొలిస్‌లో 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలును ఫోనులో పట్టిన డార్నెల్లా ఫ్రేజియర్‌కు 17 ఏళ్ళు. పోలీసుల మొదటి ప్రకటనలో మోకాలు ఊసే లేదు, ఆరోగ్యం చెడి చనిపోయాడని ఉంది. ఆ పిల్ల వీడియో పెట్టకపోతే ఆ ప్రకటనే చరిత్ర.

రాయపూర్, భిలాయి వైపు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు ఇళ్ళలో ఇనప్పెట్టెల అడుగున ఫోటోలు ఉంటాయి. ఊళ్ళో విగ్రహం పెట్టిన రోజు తీసినవి, దీక్ష తీసుకున్న రోజు తీసినవి, లారీ ఎక్కి నాగపూరు వెళ్ళినప్పటివి. ముందు వరుసలో కుర్చీల మీద నాయకులు. వాళ్ళ పేర్లు ఎలాగూ ఎక్కడో ఒకచోట ఉంటాయి. వెనక నిలబడ్డవాళ్ళు, చంటిపిల్లను ఎత్తుకున్న ఆవిడ, జెండా కర్ర పట్టుకుని సగమే కనిపిస్తున్న కుర్రవాడు ఎవరో చెప్పగల పెద్దలు ఇంకా కొందరున్నారు. పక్కన కూర్చుని ఎడమ నుంచి కుడికి, వరుస వారీగా అడగాలి. ఊరు, ఏడాది, ఎవరు తీశారు, ఆ రోజు ఏం జరిగింది అనేవి కూడా అడగాలి. ఫోటో వెనక పెన్నుతో రాయొద్దు, సిరా ముందుకు ఊరుతుంది, గట్టిగా నొక్కితే అచ్చు పడుతుంది. మెత్తని పెన్సిలుతో అంచు దగ్గర రాసి, అదే వివరం ఒక నోటుపుస్తకంలోనూ ఎక్కించుకోవాలి. తెలియనివాళ్ళ చోట చుక్కలు పెట్టి ఖాళీ వదలండి, పక్క వీధి పెద్దమ్మకు తెలిసి ఉండొచ్చు.